ఏ స్క్రూ కింద ఉంది 'నాది'?

ఉపాసకులారా, జపాన్‌లో జరిగిన సంగతి ఒకటి చెబుతా, వినండి. 1999లో సోనీ కంపెనీ ఐబో అనే రోబో కుక్కను అమ్మింది. తోక ఊపేది, బంతి వెంట పడేది. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేరూ మానేశారు. ఇక కాలు విరిగినా, మెడ తిరగకపోయినా దిక్కులేదు. అప్పుడు పాత ఇంజనీర్లు కొందరు, పాడైన ఐబోలను విప్పి ఆ భాగాలు 'బతికున్న' వాటికి బిగించసాగారు. విప్పేముందు ఇసుమి పట్టణంలోని కోఫుకుజి బౌద్ధాలయంలో వాటిని వరసగా పెట్టి, ధూపం వేసి, సూత్రపఠనం చేయించారు.

నవ్వొచ్చిందా? ఆగండి. నాగసేన భిక్షువు మిలింద రాజును అడిగింది గుర్తు తెచ్చుకోండి. చక్రమా రథం? ఇరుసా? నొగా? ఈ కుక్క సంగతీ అంతే. మోటారు కుక్క కాదు, బ్యాటరీ కుక్క కాదు. వేరే కుక్క కాలు తగిలించాక కూడా అది 'మా కుక్కే'నా? యజమానురాలు ఔననే అంటుంది. ఆ 'మా' అనేది దాంట్లో ఎక్కడా లేదు, ఆమెలో ఉంది. దుఃఖమూ అక్కడే ఉంది.

అలాగని ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. బొమ్మకు వేదన లేదు, మనిషికి ఉంది. ఆ సూత్రాలు ఎవరి కోసం చదివారో మీరే ఆలోచించండి.

మీ ఇంట్లో పిల్లవాడి బొమ్మ చెడిపోతే కసురుకోకండి. వాడి చేతికే స్క్రూడ్రైవరిచ్చి విప్పించండి. ఒక్కో భాగం తీసినప్పుడల్లా "ఇదేనా నీ కుక్క?" అని అడగండి. వాడు ఏడిస్తే, పక్కనే కూర్చోండి.