నాడి పట్టే చేతికి నమ్మకం

వైద్య విద్యార్థికి ఆత్మవిశ్వాసం మాటలతో రాదు, చేతిపనితో వస్తుంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండురా 1977లో వివరించినట్టు, స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే దానికి గట్టి ఆధారం. అందుకే సూది మొదట బొమ్మ చేతికి, తర్వాతే రోగికి. 2019 నాటి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ఆరంభంలోనే ఫౌండేషన్ కోర్సు పెట్టి, ఆటలకూ స్థానిక భాషకూ చోటిచ్చింది. కోల్‌కతాలో చదివే తెలుగు విద్యార్థికి ఆ భాషే సగం ధైర్యం. బెంగాలీలో "కొథాయ్ బ్యథా?" అంటే నొప్పి ఎక్కడ అని, తెలుగులో వాడే వ్యథే అది, కాస్త యాస మారింది.

ఒంటి సంగతికొస్తే, వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కోల్‌కతా న్యూ టౌన్‌లో పెద్ద చెరువున్న ఎకో పార్కు అందుకు అనువైన చోటు. నిద్ర తగ్గితే చదివింది నిలవదు. పరీక్ష ముందురాత్రి జాగారం నష్టం బేరమే. దిగులు వదలకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీపగలూ పలుకుతుంది, ఉచితం.