కాశీకి వెళ్ళే పెద్దాయన తాళంచెవి

సముద్రానికి చాలా దూరంగా, మెట్ట ప్రాంతంలో మగ్గాల ఊరు ఒకటి ఉండేది. వరుసగా రెండేళ్ళు వానలు లేక ఆ ఊళ్ళో బట్ట కొనే నాథుడు లేకుండా పోయాడు. బందరు రేవులో ఓడలకెక్కే బట్టకు గిరాకీ ఉందని, అక్కడికి వెళ్తే చేతినిండా పని దొరుకుతుందని కబురు వచ్చింది. వెళ్ళాలని అందరికీ ఉంది. కానీ నేతగాడి కాపురం మూటగట్టుకుని ఎక్కడపడితే అక్కడ దింపేది కాదు. మగ్గం గుంట తవ్వుకోవడానికి గట్టి నేల కావాలి, పడుగు చాపడానికి పొడవాటి వీధి కావాలి. బందరులో వాళ్ళకు తెలిసినవాళ్ళెవరూ లేరు.

ఆ రోజుల్లోనే సంతకు ఒక పెద్దాయన వచ్చాడు. ఉతికిన పంచె, మెడలో రుద్రాక్షలు, నెమ్మదైన మాట. లక్ష్మయ్య అనే నేతగాడి పక్కన కూర్చుని కుశలమడిగాడు. తనకు బందరులో ఇల్లుందన్నాడు. గుడ్డ మీద రంగులతో వేయించిన దాని బొమ్మ విప్పి చూపించాడు. రెండు మగ్గాలు పట్టే వసారా, పెరట్లో బావి, ముందు తులసికోట.

"భార్య పోయింది నాయనా. కాశీకి వెళ్ళి అక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. డబ్బు మీద నాకు ఆశ లేదు. ఆ తులసికోట దగ్గర రోజూ దీపం పెట్టే మంచి కుటుంబం దొరికితే చాలు. నిన్ను చూస్తే ఆ ఇంటికి తగ్గవాడివనిపించింది" అన్నాడు.

అద్దె చాలా తక్కువ. పది వరహాలు బయానాగా ఇస్తే తాళంచెవి ఇచ్చేస్తానన్నాడు. సంచిలోంచి పెద్ద ఇత్తడి తాళంచెవి తీసి లక్ష్మయ్య అరచేతిలో పెట్టి, పట్టుకుని చూడమన్నాడు. "ఎవరితోనూ అనకు. తెలిస్తే ఎగబడతారు. రేపు పొద్దున్నే నా ప్రయాణం" అని గొంతు తగ్గించాడు.

లక్ష్మయ్య ఇంటికి పరుగెత్తాడు. భార్య నరసమ్మ రాట్నం ఆపి అంతా విని, తానే సంతకు వచ్చింది.

"బావి నీళ్ళు ఎలా ఉంటాయయ్యా? సముద్రం పక్కన ఉప్పు తగులుతుందంటారు. ఉప్పు నీళ్ళతో అద్దకం నిలవదు" అని అడిగింది.

"కొబ్బరినీళ్ళేనమ్మా."

"వానాకాలం చూరు కారుతుందా?"

"చుక్క పడదు."

"వీధిలో పడుగు చాపితే పక్కింటివాళ్ళు ఏమీ అనరా?"

"వాళ్ళే వచ్చి సాయం పడతారు."

నరసమ్మ భర్తను పక్కకు పిలిచింది. "ఏమయ్యా, అడిగినవన్నీ బాగున్నాయన్నాడు. ఏ లోటూ లేని ఇల్లు నేనింతవరకు చూడలేదు. ఉప్పు తెచ్చే లంబాడీలు రేపోమాపో బందరుకు బయలుదేరతారు. ఆ వీధిలోకి వెళ్ళి చూసి రమ్మందాం. వాళ్ళు తిరిగొచ్చాక ఇద్దాం డబ్బు."

ఆ మాట వినగానే పెద్దాయన ముఖం మారింది. అంతసేపూ నాయనా, అమ్మా అన్నవాడు, "నా మాట మీద నమ్మకం లేదా? కాశీకి పోయేవాడు అబద్ధమాడతాడా?" అని నొచ్చుకున్నాడు. లక్ష్మయ్యకు సిగ్గేసింది. పెద్దవాణ్ణి అవమానించామే అనుకున్నాడు. నరసమ్మ మాత్రం కదల్లేదు. "మీరు మంచివారే కావచ్చయ్యా. నేనడిగేది ఇంటి సంగతి" అంది. ఆయన బొమ్మ చుట్టి, తాళంచెవి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా లక్ష్మయ్య భార్యతో మాట్లాడలేదు. చేతికందిన ఇల్లు నోటి దురుసుతో పోగొట్టిందని అతని బాధ.

లంబాడీల ఎద్దులు ఉప్పు బస్తాలతో తిరిగి వచ్చాయి. బిడారు నాయకుడి భార్య నేరుగా నరసమ్మ గడప దగ్గరకే వచ్చింది. ఆ వీధి ఉంది, బొమ్మలో ఉన్న ఇల్లూ ఉంది. తులసికోట కూడా ఉంది. కానీ అందులో ఒక షరాబు కుటుంబం మూడు తరాలుగా కాపురముంటోంది. "ఆ ఇల్లాలు వాకిట్లో మిరపకాయలు ఎండబోసుకుంటోంది. మేం అడగబోతే, మీరూ తాళంచెవి తెచ్చారా అంది" అని చెప్పింది.

అప్పుడు బయటపడింది. ఆ సంత రోజునే అదే ఊళ్ళో మరో ఇద్దరు నేతగాళ్ళకు ఆయన అవే రహస్యాలు చెప్పాడు. ఇద్దరూ డబ్బిచ్చారు. మగ్గాలు విప్పి, పిల్లల్ని బండెక్కించుకుని వెళ్ళి ఆ వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళ చేతుల్లోవి నిజమైన ఇత్తడి తాళంచెవులే. ఆ తలుపుకు మాత్రం బయట తాళమే లేదు.

నరసమ్మా లక్ష్మయ్యా కూడా తర్వాత బందరు వెళ్ళారు. మొదట సత్రంలో దిగారు. అక్కడుంటూ వీధి వీధీ తిరిగారు. చివరికి ఒక ఇల్లు కుదిరింది. దాని చూరు పడమటివైపు కారుతుందని, బావినీళ్ళు తాగడానికి పనికిరావని యజమానే ముందు చెప్పాడు. నరసమ్మ ఆయనకే బయానా ఇచ్చింది.

నీతి

మనిషి మంచివాడా కాదా అని లక్ష్మయ్య చూశాడు. ఇల్లు ఆయనదేనా అని నరసమ్మ చూసింది. అద్దె మోసగాడు మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేలా చేస్తాడు. బొమ్మ, తాళంచెవి, కాశీయాత్ర, రుద్రాక్షలు అన్నీ అతను తెచ్చిన సాక్ష్యాలే. అతని చేతిమీదుగా వచ్చినదేదీ రుజువు కాదు. అతను వేయని దారిలో వెళ్ళి తెలుసుకున్నదే రుజువు.

ఇప్పుడు బందరు స్థానంలో డాలస్ ఉంది. ఏటా ఆగస్టు సెమిస్టరుకు మన పిల్లలు రిచర్డ్‌సన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్‌కో, డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌కో బయలుదేరతారు. వీసా రాగానే ఇల్లు వెతుకుతారు. వరంగల్‌లోనో గుంటూరులోనో కూర్చుని, అక్కడ అర్ధరాత్రి వేళ ఫోన్లు చేస్తారు. పెద్ద అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీసులు సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ హిస్టరీ అడుగుతాయి. కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఆ రెండూ ఉండవు. సరిగ్గా ఆ సమయంలో ఒక ప్రకటన కనిపిస్తుంది. ఆ నంబరూ అక్కర్లేదు, క్రెడిట్టూ అక్కర్లేదు, చదువుకునే పిల్లలంటే నాకిష్టం, అద్దె కూడా చుట్టుపక్కల కంటే తక్కువ. యజమాని ఉద్యోగరీత్యానో చర్చి సేవకో వేరే దేశంలో ఉంటాడు. తాళాలు కొరియర్లో వస్తాయి, డిపాజిట్ మాత్రం జెల్‌లోనో వైర్ ట్రాన్స్‌ఫర్‌లోనో ముందే పంపాలి. అలా వెళ్ళిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. దీన్ని పిల్లల అత్యాశ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అన్ని తలుపులూ మూసుకున్నచోట ఒక్కటి తెరుచుకుంటే ఎవరైనా అటే నడుస్తారు.

టెక్సాస్‌లో ఆస్తి పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ప్రతి కౌంటీకీ ఉంది. దాని సైటులో చిరునామా కొడితే సాధారణంగా యజమాని పేరు వస్తుంది, రూపాయి ఖర్చు లేదు. ప్రకటనలోని పేరుతో అది కలవకపోతే అక్కడితో ఆపేయండి. కలిసినా సరిపోదు, ఆ పేరు మోసగాడూ అక్కడే చదివి వాడుకోవచ్చు. అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ అయితే ప్రకటనలోని నంబరుకు కాక, ఆ కాంప్లెక్స్ సొంత సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఆ ఫ్లాటు నిజంగా ఖాళీగా ఉందా, ఈ పేరుగలవాళ్ళు మీ దగ్గర పనిచేస్తున్నారా అని అడగండి. వీడియో కాల్ ఒక్కదాన్నీ నమ్మకండి. నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్న ఇంటిని తనదిగా చూపించడం కష్టమేమీ కాదు. ఖాళీ ఇళ్ళకు వేలాడదీసే లాక్‌బాక్స్ కోడ్ సంపాదించి మోసగాడే పంపిన సందర్భాలున్నాయి. తలుపు తెరుచుకుంటుంది, ఇల్లు మాత్రం అతనిది కాదు.

అందుకే లంబాడీలు కావాలి. ఆ ఊళ్ళో ఉన్న సీనియర్ ఒకరు అరగంట వెచ్చించి ఆ ఇంటికి వెళ్ళి, పక్కింటి తలుపు తట్టి అడిగితే చాలు. అలాంటివారెవరూ దొరక్కపోతే సత్రం దారి ఉంది. మొదటి పది పదిహేను రోజులకు సీనియర్ల గదిలోనో, విద్యార్థి సంఘాలు ఏర్పాటుచేసే టెంపరరీ అకామడేషన్‌లోనో దిగి, ఇల్లు కళ్ళతో చూశాకే సంతకం పెట్టండి. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా మంచి దారి. హాల్లో చాప మీద పడుకోవాల్సి రావచ్చు, ఫర్వాలేదు.

హైదరాబాదులోనూ ఇదే కథ వేరే వేషంలో నడుస్తోంది. గచ్చిబౌలి వైపు ఫ్లాటు చూడాలంటే ముందు గేట్‌పాస్‌కు డబ్బు కట్టండి, చూశాక తిరిగిస్తామంటారు. ఇల్లు చూడటానికి డబ్బడిగేవాడి దగ్గర ఇల్లు ఉండదు. ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకేమో సైనికాధికారినంటూ ఫోన్ వస్తుంది. బదిలీ మీద వస్తున్నాను, అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచే వెళ్తుంది.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు మోసపోతారు. అలా మోసపోయిన పిల్లలు నాన్న తెచ్చిన అప్పు గుర్తొచ్చి ఇంట్లో చెప్పరు. తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే: బయలుదేరే ముందే, డబ్బు పోయినా మాకు చెప్పు, తిట్టం అని వాళ్ళకు మాటివ్వండి. ఆలస్యమయ్యే ప్రతి గంటా మోసగాడికే లాభం. డబ్బు మన దేశంలోని బ్యాంకు ఖాతాలోంచి వెళ్ళినట్టయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. అమెరికాలోని ఖాతాలోంచి వెళ్ళినట్టయితే అక్కడి బ్యాంకుకూ, ఎఫ్‌బీఐ నడిపే సైబర్ నేరాల ఫిర్యాదుల కేంద్రం ఐసీ3కీ అదే రోజు ఫిర్యాదు ఇవ్వండి.