లెక్కల మాస్టరుగారి దరఖాస్తు

ఉపాధ్యాయులకిచ్చు జాతీయ పురస్కారము 1958లో ఆరంభమైనది. యోగ్యతాపత్రము, వెండి పతకము, 50,000 రూపాయలు ఇత్తురు. 2018లో నియమములు మారినవి. అప్పటినుండి ఉపాధ్యాయుడు తన మంచిని తానే వ్రాసి దరఖాస్తు పెట్టుకొనవలెను.

ప్రియులారా, ఇది తగునా? కుడిచేతి మేలు ఎడమచేతికి తెలియనీయవద్దన్న ప్రభువే, అదే కొండమీది ప్రసంగములో, దీపమును కుంచము క్రింద దాచవద్దనియు చెప్పెను గదా.

వికారాబాదు నుండి దినమును రైలులో తాండూరు బడికి పోవు లెక్కల మాస్టరుగారొకరున్నారనుకొందము. పదవ తరగతిలో ఎందరు గెలిచిరో శాతము వ్రాయుట ఆయనకెంత పని! అయితే బండల పాలిషింగు కూలివాని కూతురొకతె, రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుగల బండ ఆరు చదరపు అడుగులని ఆయన యొద్దనే నేర్చి, నూరు బండలకు తండ్రికి రావలసిన కూలి లెక్కగట్టినది. పరీక్షలో మాత్రము తప్పినది. ఆమెను ఏ గడిలో వ్రాయవలెను?

దరఖాస్తు పెట్టుట పాపమని మేమనము. పొరుగూళ్ల మాస్టర్లు చూచి నేర్చుకొందురేని అది దీపస్తంభమే. కాని అట్టి పిల్లలను వెనుక బల్లకు నెట్టి శాతము పెంచుకొన్నవారికిని మనమే పూలదండలు వేయుచున్నాము. ఆ సన్మానపు సాయంత్రము ఆ పిల్ల తండ్రి ప్రక్కన కూర్చుండి, మేస్త్రీ యిచ్చిన చీటీని మరల కూడుచుండును.