లోణార్ సరస్సు: శుద్ధికి ఎవరు కొలత?

మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో, లావా చల్లారి గట్టిపడిన బసాల్టు అనే నల్లరాతి నేలను అంతరిక్షం నుంచి వచ్చిన ఉల్క ఢీకొనగా ఏర్పడిన లోణార్ బిలం దాదాపు 1.8 కిలోమీటర్ల వ్యాసం గలది. దాని అడుగున నిలిచిన నీరు ఉప్పనిదే కాక తీవ్రమైన క్షారగుణం కలది కూడా. విష్ణువు దైత్యసూదనుడై లవణాసురుణ్ణి ఇక్కడే సంహరించాడనీ, ఈ నీరు ఆ రాక్షసుని రక్తమనీ స్థలపురాణం చెబుతుంది. తాగడానికి పనికిరాని, ఒడ్డున కుళ్లువాసన వేసే నీటిని పవిత్రమని నమ్మినప్పుడు, శుద్ధి అనే మాటకు కొలత మనిషి దేహమా, లేక ఆ జలం స్వభావమా అన్న ప్రశ్న తప్పదు.

ఆ నీటిలోని జీవం మనిషి కొలతను ఒప్పుకోదు. స్పిరులినా వంటి సూక్ష్మజీవులు దానికి ఆకుపచ్చ రంగునిస్తాయి. ఒడ్డు బురదపై ముసిరే చిన్న ఈగలను పొడుగుకాళ్ల పిట్టలు ఏరుకు తింటాయి. లోపలి వాలులోని అడవిలో నెమళ్లు తిరుగుతాయి. 2020 జూన్‌లో నీరు గులాబీ రంగుకు మారినప్పుడు కొందరు దానిని అద్భుతమన్నారు గాని, మట్టం తగ్గి ఉప్పదనం పెరగడంతో విజృంభించిన, ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులే అందుకు కారణమని పరిశోధకులు తేల్చారు.

చేతనాచేతనాలన్నీ ఈశ్వరుని శరీరమని, శరీరమంటే ఆత్మ ప్రయోజనం కోసమే ఉండేదని రామానుజ దర్శనం చెబుతుంది. ఆ లెక్కన సరస్సు యాత్రికుని పాపం కడగడానికి పుట్టినది కాదు. అయితే ఈ వాదం ఒంటరిగా నిలవదు, ఎందుకంటే అంతా ఈశ్వర శరీరమే అయితే ఊరి మురుగునీరు కూడా అందులో భాగమే. నీటిలో మలమూత్రాలను, ఉమ్మిని, విషాన్ని వేయరాదన్న మనుస్మృతి నిషేధమే ఇక్కడ ఎక్కువ పదునైనది. ఆ నీరు ఎవరు తాగుతారన్న షరతేదీ అందులో లేదు.

సరస్సుకు 2000లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2020లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. గుర్తింపుతోపాటు సందర్శకులూ వస్తారు; వారు పారేసే ప్లాస్టిక్ సంచుల సంగతి అన్ని క్షేత్రాల్లోనూ ఒకటే. లోణార్‌కే ప్రత్యేకమైన చిక్కు వేరు. బిలం అంచున గోముఖం నుంచి పడే తీయని ధారలో స్నానం చేసి, నవరాత్రులలో ఒడ్డున ఉన్న కమలజాదేవిని దర్శించడం ఆచారం. ఆ ధార చివరికి సరస్సులోకే చేరుతుంది. సబ్బును నిషేధించవచ్చు, మురుగును శుద్ధి చేయించవచ్చు. కానీ మంచినీరు ఎక్కువగా చేరినా క్షారగుణం పలచబడి, దానిపై ఆధారపడిన జీవులే నశిస్తాయి. భక్తుడు అపవిత్రమని ఊహించలేని తీర్థజలమే సరస్సుకు ఏ మోతాదులో హాని అవుతుందో ధర్మశాస్త్రం చెప్పలేదు. దానిని నీటి మట్టాన్నీ క్షారతనూ ఏళ్ల తరబడి కొలిచేవారే చెప్పగలరు, ఆలయ ఆచారం కూడా ఆ లెక్కను వినవలసి ఉంటుంది.