పిల్లికీ షుగరే

పిల్లికి షుగరేమిటని నవ్వకండి. నీళ్లగిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతూ, తింటున్నా చిక్కిపోతుంటే పశువైద్యుడికి చూపించాల్సిందే. ప్రధానమైన మందు ఇన్సులినే. సాధారణంగా 12 గంటలకోసారి, వదులు చర్మం పైకెత్తి సన్నటి సూదితో ఇస్తారు. గిన్నెలో మూతి పెట్టిన పిల్లి చాలాసార్లు తలైనా ఎత్తదు, చెయ్యి వణికేది మనకే! సిరంజి మాత్రం జాగ్రత్త: మి.లీ.కు 100 యూనిట్లుండే మందును 40 యూనిట్ల మందుకు చేసిన సిరంజిలో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. పాలన్నం మానిపించి మాంసం ఎక్కువున్న తిండి పెట్టమంటారు. తిండి ముట్టకపోతే సూది వేసేముందు డాక్టరుకు ఫోన్ చేయండి. షుగర్ మరీ పడిపోయి తూలిపోతుంటే చిగుళ్లకు కాస్త తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తండి. త్వరగా వైద్యం అందిన కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే ఉండదు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు.