ఉద్యోగ విరమణ తర్వాత హలాల్ సంపాదన



ఒక పని నుంచి తీరిక దొరకగానే మరో శ్రమకు పూనుకోమని, మనసును ప్రభువు వైపు మళ్ళించమని 'అలమ్ నష్‌రహ్' సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది.

మన ముప్పాళ్ళ వంటి ఊళ్ళలో పదవీ విరమణ చేసిన పెద్దలకు ఈ మాట బాగా వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది. పెంచినా ఆ రోజు రాక మానదు కదా! ముప్ఫై ఏళ్ళు గడియారం చూసి బతికిన మనిషికి ఆ మర్నాడు దానితో పనే ఉండదు. ఐదు పూటలా నమాజు ఉంది, నిజమే. మరి ఫజ్ర్‌కూ జుహర్‌కూ మధ్య? టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే చివరికి తేలేది పరనిందలోనే.

అందుకే కొందరు పూటకో, రోజు విడిచి రోజో కారో ఆటోనో నడపాలనుకుంటారు. సత్తెనపల్లి, నరసరావుపేట ఆసుపత్రులకు రోగుల్ని చేర్చటం, మిర్చి కాలంలో టిక్కీలు గుంటూరు యార్డుకు తోలటం వంటి పనులు. "ఈ వయసులో అబ్బా డ్రైవరు పనికెళితే మా పరువేం కావాలి?" అని కొడుకులు అడ్డుపడతారు. దావూద్ (అ) రాజై ఉండి కూడా తన చేతి కష్టమే తిన్నారు. జకరియ్యా (అ) వడ్రంగి. వారికి లేని నామోషీ మనకెందుకు?

దీనికి రెండో వైపు కూడా ఉంది. మద్‌యన్ బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తమ తండ్రి బాగా వృద్ధుడయ్యాడని మూసా (అ)కు చెప్పి, ఆ బరువు తామే మోశారు. ఓపిక లేని తండ్రిని ఇంటి ఖర్చు కోసం స్టీరింగు ముందు కూర్చోబెట్టే కొడుకులు ఆ పిల్లల్ని చూసి సిగ్గుపడాలి.

ఇక బండి ఎక్కినవారి ప్రాణం అమానతు. "నాకు నలభై ఏళ్ళ అనుభవం" అంటే చాలదు. నలభై దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు వైద్య ధృవపత్రం ఇవ్వాలి. దాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవటం అబద్ధపు సాక్ష్యంతో సమానమని నా అభిప్రాయం. బడి బస్సు డ్రైవరుకు అరవై దాటకూడదన్న నిబంధన కూడా పసిపిల్లల కోసమే, దాన్ని అవమానంగా తీసుకోకండి. ఒంటెను కట్టి ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్నారు ప్రవక్త (స). కంట్లో శుక్లం ఉంచుకుని రాత్రిపూట బండి తీయటం తవక్కుల్ కాదు. షుగరు ఉన్నవారు రమజానులో ఉపవాసంతో బండి నడపవచ్చా అని అడుగుతుంటారు. ముందు వైద్యుణ్ణి అడగండి. రోగికి అల్లాహ్ స్వయంగా వెసులుబాటు ఇచ్చాడు.

నరసరావుపేట వెళ్ళి వచ్చినంత మాత్రాన ఖస్ర్ వర్తించదు, నమాజు పూర్తిగానే చేయాలి. జుమా అజాన్ అయ్యాక కిరాయి ఒప్పుకోవద్దు. మిగతా రోజుల్లో, అస్ర్‌కు దారిలో పది నిమిషాలు ఆపుతానని బయలుదేరేటప్పుడే చెప్పండి. సాధారణంగా ఎవరూ కాదనరు.