పని నేర్పుటయు దాసోహమే

ఒంటరిగా వృత్తి సాగించుకొను వానికి యజమానియు తానే, సేవకుడును తానే. అలసినపుడు కూర్చుండును, ఓపిక వచ్చినపుడు లేచును, తప్పు జరిగిన తన్ను తానే నిందించుకొనును. అట్టివాడు తన దుకాణమున తొలిసారిగా ఒక పనివానిని చేర్చుకొన్ననాడు క్రొత్త ధర్మమొకటి ఆరంభమగుచున్నది. పరుని కాలము అతని చేతికి వచ్చినది. ఆ కాలమును ఎట్లు వినియోగింపవలెను? తన విద్యను అతనికి ఎంతవరకు ఇయ్యవలెను? ఇవి చిన్న ప్రశ్నలుగా తోచును గాని, నిత్యము కాయకమును గూర్చి మాటలాడు మనకు తప్పించుకొనరానివి.

మా తోటపల్లి గూడూరు ప్రాంతము సముద్రతీరపు సీమ. ఒకవైపు వరిమళ్లు, మరియొకవైపు రొయ్యల గుంటలు. నీరు తోడు మోటార్లకును, గుంటనీటిని చిలికి గాలి కలుపు ఏరియేటర్లకును మరమ్మతులు తప్పవు. గుంటనీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. ఆ వేళ ఏరియేటరు ఆగెనేని రైతు పెట్టుబడి యంతయు ప్రమాదమున పడును. కనుక మోటారు వైండింగు చేయువానికి పిలుపు రాత్రి యనక పగలనక వచ్చుచుండును.

నా యొద్ద చదువుకొన్న ఒకడు ఈ వృత్తిలో స్థిరపడి, పదియేండ్లు ఒంటిగా దుకాణము నడిపి, తుదకు పందొమ్మిదేండ్ల కుర్రవాని నొకని పనిలో పెట్టుకొనెను. ఆరు నెలలు గడచిన పిమ్మట ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి మొరపెట్టుకొనెను.

“అయ్యవారూ, వాడికి పని రావడం లేదు. చెప్పింది గుర్తుండదు. పొద్దున రమ్మన్న వేళకు రాడు.”

“నాయనా, నిన్న రాత్రి వానిని ఎన్ని గంటలకు ఇంటికి పంపినావు?”

“రెండు దాటింది. గుంట కాడ మోటారు కాలిపోయింది.”

“మరి పొద్దున ఎప్పుడు రమ్మన్నావు?”

“ఎప్పటిలాగే, ఎనిమిదికి” అని, ఆ మాట తన చెవికే వినబడినట్లై తలవంచుకొనెను.

అంతటితో ముగియలేదు. వైండింగు పనిలో మర్మమంతయు లెక్కలో నున్నది. కాలిన తీగను తీసివేయుటకు ముందే స్లాట్లు ఎన్ని, ఒక్కొక్క కాయిలునకు చుట్లు ఎన్ని, తీగ గేజి ఎంత, కొసలు ఏ తీరున కలిపియున్నవి యని వ్రాసికొనవలెను. పిదప కాగితము పరచి, తీగ చుట్టి, కట్టి, వార్నిషు పోసి ఆరబెట్టవలెను. చుట్లు తగ్గిన మోటారు అధికముగా కరెంటు లాగి, వేడెక్కి మరల కాలును. ఈ లెక్కలన్నియు నా శిష్యుడు ఒక నోటుపుస్తకమున వ్రాసికొని, దానిని పెట్టెలో నుంచి తాళము వేయుచుండెను. అతడు ఊరికి పోయిన ఒకనాడు కుర్రవాడు అంచనాతో చుట్టిన మోటారు రెండు దినములలోనే కాలిపోయెను. తిట్లు కుర్రవానికి, నష్టము రైతునకు. తప్పు ఎవరిది?

“అంతా నేర్పితే రేపు నా ఎదురుగానే దుకాణం పెడతాడయ్యా” అని అతడు మనసులోని మాట బయటపెట్టెను. ఈ భయము వట్టిది కాదు. అతనికి అప్పులున్నవి, బిడ్డలున్నారు. కాని విద్యను దాచి పనిని మాత్రము కోరుట, విత్తనము దాచికొని పంట యేదని పొలమును అడుగుట వంటిది.

ఇచట నాకు నులియ చందయ్య కథ స్ఫురించును. ఆ శరణుడు గడ్డి కోసి త్రాళ్లు పేని జీవించెడివాడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను కాయకము విడువలేదనియు, వెంటవచ్చిన లింగదేవుని మడివాళ మాచయ్య మాటపై అంగీకరించి, త్రాళ్లు అమ్ము పనిలో పెట్టెననియు శరణుల చరిత్రలు చెప్పుచున్నవి. లింగదేవుడు త్రాటిని బసవన్న కడ అమ్మి అధిక ధనము తేగా, చందయ్య దాని నొల్లక న్యాయమైన వెలను మాత్రమే కోరెను. సాక్షాత్తు దేవుడే పనివాడై నిలిచినపుడు ఆ యజమాని నేర్పిన మొదటి పాఠము లాభము కాదు, కొలత. తాను పాటించు కొలతనే పనివానికి నేర్పెను. మన దుకాణములకు వచ్చు తొలి పనివాడును మొదట నేర్చుకొనునది మన చేతిపని కాదు, మన కొలతయే. మనము అతని కాలమును కొలత లేక వాడుకొన్నచో, రేపు అతడును మన వస్తువును, మన మాటను కొలత లేకయే వాడును.

ప్రభుత్వమును ఈ కొలతను గుర్తించినది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టము పనికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని మేర గీచెను. దినపు గంటల విషయమున తరువాత సవరణలు వచ్చినను, పరుని కాలమునకు హద్దు కలదను సూత్రము చెరగలేదు. అయినను చట్టము గంటలను లెక్కించునే గాని, ఆ గంటలలో మనిషి యేమి నేర్చెనో లెక్కింపజాలదు. అది యజమాని మనస్సాక్షికి విడువబడిన భాగము.

పండిత శిక్షణలో మాకు పాఠ్యపథకము వ్రాయుట నేర్పిరి. నేడేమి చెప్పవలెను, బాలుడు దేనిని స్వయముగా చేయవలెను, వచ్చినదో లేదో ఎట్లు పరీక్షింపవలెను అని ముందే వ్రాసికొనవలెను. ‘చెప్పితిని గదా’ యను మాట మా వృత్తిలోను వినబడును. కాని చెప్పుట వేరు, నేర్పుట వేరు. ఈ పద్ధతినే దుకాణమున పెట్టి చూడుమంటిని. మరునాటి పని ముందునాటి సాయంత్రమే పలకపై వ్రాయవలెను. రాత్రి పిలుపు ఒకనాడు తాను, ఒకనాడు అతడు అందుకొనవలెను. రాత్రి పనిచేసినవాడు మరునాడు మధ్యాహ్నమే రావలెను. తుక్కులోని పాత మోటారు నొకటి విప్పి, చుట్లు లెక్కించి, కుర్రవాడు తన చేతితో వ్రాయవలెను. నోటుపుస్తకము బల్లమీద నుండవలెను.

ఈ చివరి మాటకు అతడు చాలసేపు పలుకలేదు. పిమ్మట, “నేను నేర్చుకొన్నప్పుడు రెండేండ్లు టీలు మోసి, దొంగచూపులతో పట్టుకున్నానయ్యా” అనెను. “ఆ బాధ వానికి ఎందుకు నాయనా?” అంటిని.

కుర్రవాడు పని నేర్చెను. మూడేండ్లకు వేరొక గ్రామమున దుకాణము పెట్టుకొనెను. కొందరు రైతులు అటు పోయిరి. నా శిష్యునకు నష్టము లేదని నేననను, ఉన్నది. కాని దాసోహమనగా నష్టము లేని ఈవి కాదు గదా! పైగా, ‘నేనే వానికి బ్రతుకు నిచ్చితిని’ అని జీవితాంతము లొంగియుండ గోరుట దాసోహము కానేకాదు. ‘దాసుడను’ అని ఇచ్చినదే దాసోహము. మనకు నేర్పినవారి ఋణమును వారికి తీర్చలేము. మన వెనుక వచ్చువానికే తీర్చగలము.

నేడు అతని దుకాణమున రెండవ కుర్రవాడు చేరియున్నాడు. నోటుపుస్తకము బల్లమీదనే యున్నది. మన యిండ్లలో, అంగళ్లలో, మఠముల వంటశాలలలో తొలిసారిగా పనికి వచ్చిన బిడ్డ యెవడైన నుండినచో, ఈ పూట మనమును విచారించుకొందము: మన పుస్తకము బల్లమీద నున్నదా, పెట్టెలో నున్నదా?